పేరు చెప్పని ఆకు

శివరాత్రి వెళ్లి వారం కాలేదు, చిత్తూరులో అప్పుడే ఎండ ముదిరింది. పొద్దు వాలుతున్నా మున్సిపాలిటీ పార్కులో సిమెంటు బెంచీలు ఇంకా కాలుతూనే ఉన్నాయి. అసెంబ్లీ ఎన్నికలు ఈమధ్యే ముగియడంతో పార్కు గోడ మీద ఓడినవాళ్ల పేర్లూ గెలిచినవాళ్ల పేర్లూ పక్కపక్కనే మిగిలాయి. ఆ గోడ వారగా, నీళ్ల ట్యాంకు వెనక, మునిరామయ్య మోకాళ్ల మీద వంగి రెండు చేతులతో నేల తడుముతున్నాడు. ఆయన భార్య సిద్ధమ్మ గంప చంకన పెట్టుకుని కాస్త ఎడంగా నిలబడి ఉంది.

"ఈడ తడి ఉండల్లే" అన్నాడు మునిరామయ్య.

"ఓట్లకు ముందర పైపు బాగు సేసినారు గదా. ఇంక తడి యాడుంటాది?"

"ఎవురు సెయ్యమన్నారు?"

ఊరందరికీ మేలయిన పని తన మొగుడికి మాత్రం కీడెట్లా అయిందో సిద్ధమ్మకు అర్థం కాలేదు.

చిత్తూరులో ఎవరికైనా కళ్లు పచ్చబడితే, నోరు చేదెక్కి అన్నం సయించకపోతే, ముందుగా వినబడే పేరు మునిరామయ్యదే. ఆదివారం, గురువారం తెల్లవారుజామున ఆయన ఇంటి అరుగు మీద జనం పరగడుపున వచ్చి కూర్చునేవాళ్లు. పలమనేరు నుంచి, గుడియాత్తం తట్టు నుంచి కూడా బస్సులెక్కి వచ్చేవాళ్లు. ఆయన తలుపు మూసుకుని లోపల ఆకు నూరి, మేకపాలలో కలిపి, చిన్న గిన్నెలో పోసి ఇచ్చేవాడు. మూడు విడతలు. ఉప్పు, పులుపు, నూనె ముట్టకూడదు. ఆ విద్య ఆయనకు తండ్రి తిరుమలయ్య ఇచ్చిపోయాడు. ఇచ్చేటప్పుడు ఒకే మాట చెప్పాడు: ఆకు పేరు నీ నోట్లోంచి బయటికొస్తే, ఆకులోంచి గుణం బయటికి పోతుంది. అప్పటినుంచి మునిరామయ్య ఆ పేరు పలకలేదు. తనొక్కడే వెళ్లి ఆకు పెరికేవాడు, గోచీలో కట్టుకుని తెచ్చేవాడు. నూరేటప్పుడు సిద్ధమ్మ వంటింట్లో ఉన్నా సరే గోడ వైపు తిరిగి కూర్చోవాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో ఆమెకు అది వింతగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

రెండేళ్లుగా ఆయన కళ్లకు పొగ కమ్ముతోంది. మొదట వేడి చేసిందనుకున్నాడు. నందివర్ధనం పూలు నలిపి రసం పిండుకున్నాడు. తగ్గలేదు సరికదా, పొగ కాస్తా తెల్లటి గుడ్డయింది. ఎదురుగా వచ్చే మనిషిని నడకను బట్టి, గొంతును బట్టి పోల్చుకునేవాడు. సిద్ధమ్మ ఒకసారి, "కండ్లు సూపించుకోరాదా" అంటే అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు.

చూపు తగ్గినా ఆయన పని ఇన్నాళ్లూ ఆగలేదు. దానికి కారణం ఈ పార్కే. ట్యాంకు వెనక పైపు ఎప్పటినుంచో కారేది. ఊరంతా ఎండిపోయిన రోజుల్లో కూడా ఆ తడిలో ఆయనకు కావలసిన మొక్క మొలిచేది. గోడ మూల నుంచి ఎన్ని మూరలో, కానుగ చెట్టు వేరు ఎక్కడ మలుపు తిరుగుతుందో, అంతా చేతులకు కంఠతా వచ్చు. కళ్లతో పనే లేదు. ఇప్పుడు పైపు బాగుచేసిన వాళ్లు తవ్విన మట్టిని అక్కడే కుప్ప పోసి చదును చేశారు. ఆ కొత్త మన్ను మీద ఎక్కడెక్కడి విత్తనాలో వచ్చి పడి, కానుగ చిగురు తొడిగేసరికి రకరకాల పిచ్చి మొక్కలు లేచాయి. ఏది ఎక్కడుందో ఆయన చేతులకు తెలియదు.

అయినా ఈరోజు ఆకు దొరికి తీరాలి. మధ్యాహ్నం లాల్ బాషా వచ్చాడు. బజారు వీధిలో రేకు పని చేస్తాడు. గరాటాలు, బొక్కెనలు, లాంతర్లు చేసే మనిషి. ఆయన కూతురు రహమత్ బీ, తొమ్మిదో తరగతి పిల్ల, వారంగా అన్నం తినడం లేదట. కళ్లు పసుపు పూసినట్టు ఉన్నాయట.

"నా సిన్నప్పుడు నువ్వే గదా మామా పసరిచ్చి బతికిచ్చినావు. ఇంగ యాడికీ పోను. రేపు తెల్లార్తో పిల్చకొస్తా" అన్నాడు లాల్ బాషా.

మునిరామయ్య సరేనన్నాడు. ఆకు ఎక్కడుందో కనబడక రెండు వారాలుగా ఏదో ఒక సాకు చెప్పి జనాన్ని తిప్పి పంపుతున్నవాడు, లాల్ బాషాకు మాత్రం లేదని చెప్పలేకపోయాడు. చిన్నప్పుడు తన చేతి గిన్నె తాగిన పిల్లవాడు గడ్డం నెరిసి వచ్చి అడిగితే లేదని ఎట్లా చెప్పడం?

"నడుము పట్టేసింది. నువ్వు పెరుకు, నేను సెప్తా" అన్నాడు సిద్ధమ్మతో.

ఆమె ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. నడుము సంగతి ఆమెకు తెలుసు. కళ్ల సంగతీ తెలుసు.

"ఏం పెరకాల?"

"సిన్న మొక్క. జానెడుంటాది. ఆకు సింతాకు మాదిరి."

సిద్ధమ్మ గంప దించి వెతికింది. కాసేపటికి గుప్పెడు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆకు నలిపి నాలుక్కి తగిలించుకున్నాడు. పుల్లగా ఉంది.

"ఇది సింతమొక్కే గదే."

"సింతాకు మాదిరి అంటివి. సింతాకు మాదిరి ఉండేది సింతాకే గదా."

"మాదిరి అన్నాను. అదే అన్లేదు."

రెండోసారి ఆమె తెచ్చినదాన్ని తాకగానే ఆయన వేలికి ముల్లు దిగింది. పల్లేరు. వేలు నోట్లో పెట్టుకుని, "దానికి ముల్లుంటాదని నేను సెప్పినానా?" అన్నాడు.

"ముల్లుండదని గూడా సెప్పలేదు."

"కాయలు సూడల్ల. ఆకు కింద వరసగా ఉంటాయి. ఆవగింజంత."

"ఆకు కిందనా, కాడ కిందనా?"

మునిరామయ్య నోరు తెరిచి ఆగిపోయాడు. ఆకు కిందనా, కాడ కిందనా? ఆ మొక్కను ఆయన వేలసార్లు చూశాడు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ దాన్ని మాటల్లో ఎప్పుడూ పెట్టలేదు. ఎవరికైనా చెప్పాల్సివస్తే గదా మాటలు వెతుక్కునేది.

"సూస్తే నీకే తెలస్తాది" అన్నాడు విసుగ్గా.

"సూసేది నేను, తెలిసేది నీకు. పేరు సెప్పరాదా? పోయి ఎవురినన్నా అడుగుతా."

"సెప్పకూడదు."

"నాకు గూడానా?"

"ఎవురికీ."

సిద్ధమ్మ మళ్లీ వెళ్లింది. ఈసారి తుమ్మి తెచ్చింది, పాలు కారే మొక్కేదో తెచ్చింది, గలిజేరు తెచ్చింది. ఆయన ఒక్కొక్కటే వాసన చూసి పారేస్తున్నాడు. పారేసిన కుప్ప పెరిగింది. పార్కులో ఆడుకోవడానికొచ్చిన పిల్లలు ఆగి చూసి నవ్వుకుంటూ పోయారు. మునిరామయ్యకు ఒళ్లు మండింది. మున్సిపాలిటీ మీద, పైపు మీద, భార్య మీద, మరీ ముఖ్యంగా తన కళ్లకు అడ్డం పడిన ఆ తెల్లటి గుడ్డ మీద. లేచి తనే మట్టి మీద చేతులతో పాకాడు. కొంతసేపటికి వేళ్లకు తెలిసిన సన్నటి కాడ తగిలింది. ఆకు కిందికి వేలు పోనిచ్చాడు. గింజలు వరసగా, చల్లగా తగిలాయి. ఆకు కొరికాడు. చేదు, వెనకనే వగరు.

"ఇదే. ఇదే సూడు. ఇట్లాంటివి తే" అన్నాడు.

ఆమె దాన్ని తీసుకుని, వెలుగు తగ్గుతున్నా వంగి వంగి వెతికి, గంప అడుగు నిండేంత తెచ్చింది. ఆయన పైపైన తడిమి చూశాడు. గింజలు తగిలాయి. చాలనుకున్నాడు. నిజానికి గంప అడుగు దాకా చూసే ఓపిక ఆయనకు మిగల్లేదు.

మర్నాడు తెల్లవారుజామున అరుగు మీద లాల్ బాషా, ఆయన తల్లి మహబూబ్ బీ, మధ్యన శాలువా కప్పుకుని రహమత్ బీ కూర్చున్నారు. మహబూబ్ బీ పుట్టిల్లు అరవ దేశంలోని ఆంబూరు. చిత్తూరికి కోడలుగా వచ్చి ఎన్నేళ్లయినా ఆ తట్టు మాట పోలేదు. పిల్ల నీరసంగా గోడకు ఆనుకుని ఉంది.

"అబ్బా, సేదుంటాదా?" అని తండ్రిని అడుగుతోంది.

"కన్ను మూసి మింగల్ల. నేనట్లే మింగినా" అన్నాడు లాల్ బాషా.

లోపల మునిరామయ్య తలుపు మూసుకుని ఆకు నూరాడు. సిద్ధమ్మ ఎప్పటిలాగే గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆయన పసరు పాలల్లో కలిపాడు. గిన్నె తీసుకుని బయటికొచ్చి పిల్ల చేతికిచ్చాడు. అరచేతికి అంటిన పసరును అలవాటు చొప్పున నాలుకతో తుడుచుకున్నాడు.

చేదు తగిలింది. దాని వెనక రావలసిన వగరు రాలేదు. గొంతులో సన్నగా మంట లేచింది.

ఇంకోసారి నాకి చూశాడు. మంట పెరిగింది. ఏదో వేరే ఆకు కలిసింది. ఏ ఆకో తెలియదు. పాలు కారేదా? ఇంకేదన్నానా? గంప అడుగున ఏముందో తను చూడలేదు. చూసినా కనబడి ఉండేది కాదు.

రహమత్ బీ గిన్నెను పెదవుల దాకా తెచ్చి, ముక్కు మూసుకుంటోంది. మునిరామయ్యకు పిల్ల ముఖం కనిపించలేదు. చీకట్లో తెల్లటి శాలువా ఒక్కటే కదలడం తెలిసింది. ఆయన చెయ్యి చాచి గిన్నె లాక్కున్నాడు. సగం పసరు పిల్ల ఒళ్లో ఒలికింది. మిగిలింది అరుగు కిందికి పారబోశాడు.

"ఈపొద్దు ఇయ్యను" అన్నాడు మునిరామయ్య. "పిల్లను వేలూరికి పిల్చకపో. పెద్దాసుపత్రిలో సూపించు."

లాల్ బాషా మెల్లగా లేచాడు. ఆయన గొంతు మారిపోయింది. "ఏం మామా? సెయ్యి దాటిపోయిందా?"

మునిరామయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. పసరిచ్చేవాడు ఇవ్వనన్నాడంటే ఊళ్లో ఒకటే అర్థం. ఆయన తండ్రి తిరుమలయ్య అట్లా తిప్పి పంపిన మనిషి నెల తిరక్కుండా పోయాడు. ఆ కథ ఊరందరికీ తెలుసు. మహబూబ్ బీ అప్పటికే మనవరాల్ని దగ్గరికి లాక్కుని నోట్లో ఏదో చదువుకుంటోంది. పిల్లకు ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాక, నాయనమ్మ అట్లా చదవడం విని ఏడుపు మొదలుపెట్టింది.

"అది కాదబ్బా" అన్నాడు మునిరామయ్య.

"మరేంది? నిజం సెప్పు మామా. నాకు తట్టుకునే గుండె ఉండాది."

"అది కాదంటే ఇనవే."

"ఇన్నేండ్లల్లో ఎవురికన్నా గిన్నె పెరుక్కున్నావా నువ్వు? నా బిడ్డకే ఎందుకు పెరుక్కున్నావు?"

ఏ సాకు చెప్పినా లాల్ బాషా నమ్మేటట్టు లేడు. వారం బాగలేదంటే నమ్మడు, ఆకు వాడిపోయిందంటే నమ్మడు. ఏం చెప్పినా అది పిల్ల చావును దాచడానికి చెప్పే మాటలాగే వినబడుతుంది. మునిరామయ్య అరుగు అంచున కూలబడ్డాడు. పక్కింటి వాకిట్లో నీళ్లు చల్లుతున్న చప్పుడు ఆగిపోయింది. అక్కడ కూడా వింటున్నారు. విననీ అనుకున్నాడు కసిగా.

"నాకు కండ్లు కనబడవు" అన్నాడు.

లాల్ బాషాకు అర్థం కాలేదు. "ఏంది?"

"కండ్లు కనబడవబ్బా. రెండేండ్లయింది. నువ్వు ఆడ నిలబడుకోనుండావని గొంతును బట్టి తెలస్తా ఉండాది. నీ మొకం కనబడలా. ఏ ఆకు పెరికినానో నాకే తెలీదు. దాంట్లో ఏందో కలిసింది. బిడ్డకు ఏం కాలేదు, తప్పంతా నా కండ్లది."

లాల్ బాషా వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టినవాడు వదిలినట్టు గట్టిగా నిట్టూర్చాడు. మునిరామయ్యకు ఆ నిట్టూర్పు బాధ కలిగించింది. తన కళ్లు పోయినందుకు కాదు, పిల్లకు ఏమీ కానందుకు అది. న్యాయమే. కానీ ఒక్క మాటయినా అడగొచ్చు గదా అనిపించింది.

మహబూబ్ బీ పిల్ల కళ్లు తుడిచి, "ఏం ఆకన్నా అది? మేము పెరక్కొస్తాం. సెప్పు" అంది.

"ఇంగ అది వద్దమ్మా. వేలూరికి పోండి."

"పోతాం. పోయేది పోతాం. ఆకేందో సెప్పు."

మునిరామయ్య తలుపు వైపు చూశాడు. గడపలో సిద్ధమ్మ నిలబడి ఉండాలి. గాజుల చప్పుడు అక్కడే ఆగింది. తండ్రి మాట గుర్తొచ్చింది. గుణం పోతే పోనీ. కంటికి కనబడని ఆకులో గుణముంటే తనకేం, లేకపోతే తనకేం?

"నేల ఉసిరి" అన్నాడు.

అంత చిన్న మాట ఆయనకు నోట్లో రాయంత బరువుగా అనిపించింది.

"నేల ఉసిరి అంటే?" మహబూబ్ బీ ఆలోచించింది. "సింతాకు మాదిరి సిన్న ఆకా? ఆకు కింద కాయలుంటాయా? అది కీళానెల్లి గదన్నా. మా ఆంబూరులో ఎవురింట్లో కామెర్లొచ్చినా అదే నూరి మజ్జిగలో ఇస్తారు. సిన్నపిల్లోల్లకు గూడా తెలుసు."

మునిరామయ్య అరచేతిలో ఎండిన పసరును పంచెకు తుడుచుకున్నాడు.

"నువ్వు ఇస్తా ఉండేది ఇంగేందో మూలికనుకుంటిమి. కొండమీద నుంచి తెస్తావనుకుంటిమి" అంది ఆమె. ఆమె గొంతులో ఎగతాళి లేదు. అందుకే మరీ మంటగా ఉంది.

గడపలో గాజులు మళ్లీ చప్పుడయ్యాయి. సిద్ధమ్మ బయటికొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకు కనబడలేదు. మాట వినబడ్డాక గానీ తెలియలేదు, అది కోపమని.

"ఇన్నేండ్లు గోడ తట్టు తిరిగి కూసున్నా" అంది. "ఆంబూరులో పిల్లోల్లకు తెలిసిన పేరుకు."

ఆరోజు మొదటి బస్సుకే లాల్ బాషా తల్లితో కలిసి పిల్లను వేలూరికి తీసుకుపోయాడు. పోతూ పోతూ మునిరామయ్యను కూడా బలవంతంగా ఎక్కించాడు. "నా బిడ్డను సూపిస్తా, నీ కండ్లూ సూపిస్తా. నోరు మూసుకోని కూసో" అన్నాడు. మామ అని పిలిచే మనిషి అట్లా గదమాయించడం మునిరామయ్యకు కొత్త. ఆయన నోరు మూసుకునే కూర్చున్నాడు.

పెద్దాసుపత్రిలో వరస మీద వరస. పిల్లను ఒక చోట చూశారు. రక్తం తీశారు. పడకలో చేర్చుకున్నారు. అరవంలో మాట్లాడే డాక్టరమ్మ భయపడనక్కర్లేదంది. నీళ్ల వల్ల వచ్చే కామెర్లట. ఒళ్లు అలవకుండా పడుకుని, కాచిన నీళ్లు తాగితే, ఈ రకం కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయట. వేరే రకాలున్నాయి, వాటికి మాత్రం జాగ్రత్తగా చూడాలట.

"వాటంతటవేనా?" అన్నాడు మునిరామయ్య.

"ఆమాం, అవును. మందు పెద్దగా ఏమీ లేదు. చాలా వరకు ఒళ్లే దానంతటది చక్కబడుతుంది."

మునిరామయ్య ఆమెతో వాదించాలనుకున్నాడు. తన అరుగు మీద గిన్నె తాగి లేచి నడిచిపోయినవాళ్లందరినీ పేరుపేరునా చెప్పాలనుకున్నాడు. ఆమె అప్పటికే పక్క పడక దగ్గరికి వెళ్లిపోయింది. బల్ల మీద కూర్చుని ఆయన చాలాసేపు తనలో తాను లెక్కలు వేసుకున్నాడు. తన పసరుతో తగ్గినవాళ్లెంతమంది, ఊరికే తగ్గినవాళ్లెంతమంది? వాళ్లను విడదీసే దారి ఆయనకు దొరకలేదు. పిల్లకు తగ్గుతుందన్న మాటకు సంతోషించాలో, ఈ మాటకు కుమిలిపోవాలో తెలియక, వరండాలో ఫినాయిల్ వాసన మీద కూడా విసుగు తెచ్చుకున్నాడు.

కళ్ల డాక్టరు దగ్గర ఇంకో వింత జరిగింది. ఆయన లైటు వేసి రెండు కళ్లూ చూసి, శుక్లం అన్నాడు. ఆపరేషన్ చేస్తే చూపొస్తుందన్నాడు. మునిరామయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఈపొద్దే సేసేయండి సామీ."

"ఇంకా ముదరలేదు. పూర్తిగా ముదరాలి. చలికాలంలో రా, చూద్దాం."

"ముదరాలంటే?"

"ఇప్పుడు కొంచెం కొంచెం కనబడుతోంది గదా. అది కూడా పోవాలి."

పిల్ల దగ్గర మహబూబ్ బీని ఉంచి మగవాళ్లిద్దరూ తిరుగు బస్సెక్కారు. కాట్పాడి దాటాక మునిరామయ్య లాల్ బాషాతో అన్నాడు. "ఆకు పెరకేదానికి సాలవు నా కండ్లు. ఆపరేషన్ సేసేదానికి మాత్రం ఇంకా మంచిగుండాయంట. ఎట్ల సచ్చేది అబ్బా?" లాల్ బాషా నవ్వాపుకోలేకపోయాడు. రెండు రోజులుగా పిల్ల కోసం బిగబట్టుకున్నదంతా ఆ నవ్వులో బయటపడింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. మునిరామయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

రహమత్ బీ ఉగాదికి ముందే ఇల్లు చేరింది. కళ్ల పసుపు పోయింది. ఆకలి మొదలై, ఉప్పు లేని గంజి మీద ఇంట్లో రోజూ తగువు పెట్టుకుంటోందని లాల్ బాషా వచ్చి చెప్పాడు. మునిరామయ్య అరుగు మీదికి గురువారం వచ్చేవాళ్లు మాత్రం తగ్గారు. కళ్లు కనబడవన్న మాట పక్కింటి వాకిలి నుంచి ఊరంతా పాకింది. వచ్చిన ఒకరిద్దరికి ఆయనే చెప్పేవాడు. ముందు వేలూరికి పోండి, రక్తం చూపించుకోండి, తర్వాత సంగతి తర్వాత అని. అట్లా చెప్పిన ప్రతిసారీ ఏదో పన్ను పీకినట్టుండేది.

సిద్ధమ్మ ఊరుకోలేదు. "ఒక పేరు సెప్పినావు గదా. తక్కినవి గూడా సెప్పు" అని పట్టుకుంది. మీ నాయన ఇంకేమేం చెప్పాడు, ఏ ఆకు దేనికి, ఏది ఎట్లుంటుంది? పొద్దున అడిగేది, అన్నం వడ్డిస్తూ అడిగేది. ఆయన చెప్పబోతే మాటలు కుదిరేవి కావు. "సన్నంగా ఉంటాది" అనేవాడు. "ఏది సన్నంగా? ఆకా, కాడా, పువ్వా?" అని ఆమె అడిగేది. "వాసనొస్తాది" అనేవాడు. "ఏం వాసన?" ఆ వాసనకు ఆయన దగ్గర పేరుండేది కాదు. ఆమెకు అర్థం కాలేదంటే కోపం, అర్థమైందంటే నమ్మకం లేదు. ఒకరోజు ఇద్దరూ కుప్పింటాకు మీద మాటామాటా పెంచుకుని మధ్యాహ్నం దాకా పలకరించుకోలేదు.

చివరికి ఆమె ఆయన్ను వదిలేసి మహబూబ్ బీని కూడగట్టుకుంది. పొద్దెక్కక ముందే ఇద్దరు ఆడవాళ్లు పార్కుకు పోవడం మొదలుపెట్టారు. మునిరామయ్య కూడా వస్తానన్నాడు.

"నువ్వొస్తే అరుస్తావు. ఈడనే కూసో. మేము తెస్తాం, నువ్వు సెప్పు" అంది సిద్ధమ్మ.

ఇంటి అరుగు మీద ఒంటరిగా కూర్చోవడం ఆయనకు నరకంగా ఉండేది. వాళ్లు ఏ మూల తిరుగుతున్నారో, ఏది తొక్కుతున్నారో, ఏది చూడకుండా దాటిపోతున్నారో ఊహించుకుని కాలు నిలవక, లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చునేవాడు. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు వీధి మొదటినుంచే నవ్వులు వినబడేవి. మొక్కల దగ్గర అంత నవ్వేదానికి ఏముంటుందో ఆయనకు తెలిసేది కాదు.

ఆరోజు కూడా నవ్వుకుంటూనే వచ్చారు. ఒళ్లో తెచ్చిన మొక్కలు అరుగు మీద పరిచారు. సిద్ధమ్మ ఒక్కొక్కటే ఆయన చేతిలో పెట్టింది. ఆయన నలిపి, వాసన చూసి, చెప్పుకుంటూ పోయాడు. గుంటగలగర. ఉత్తరేణి. కామంచి. విష్ణుకాంత. మహబూబ్ బీ కొన్నింటికి తన పేర్లు కలిపింది. ఒక్కొక్క పేరూ ఇప్పుడు అంత బరువుగా రావడం లేదని ఆయన గమనించాడు. వేగం పెరిగింది కూడా. సిద్ధమ్మ ప్రతిదాన్నీ రెండు మూడు సార్లు తనలో అనుకుని పక్కన పెడుతోంది.

చివరగా ఆమె ఒక పొట్టి మొక్క పెట్టింది. "ఇది యాడ సూసినా ఉండాది. నీలం పువ్వు, నువ్వుగింజంత. రాళ్ల సందులో."

ఆయన ఆకు నలిపాడు. వాసన లేదు. కొరికాడు. రుచి లేదు. కాడ మీద వేలు నడిపాడు. నున్నగా ఉంది. పైనుంచి కిందిదాకా, వేరు దాకా తడిమాడు. వెనక్కి తిప్పి మళ్లీ తడిమాడు. ఆడవాళ్లిద్దరూ ఎదురుచూస్తున్నారు.

"తెలీదు" అన్నాడు.

"తెలీదంటే? సెప్పకూడదా?" సిద్ధమ్మ గొంతులో అనుమానం.

"తెలీదే. నిజంగానే."

"మీ నాయన సెప్పలేదా?"

"సెప్పలేదు. ఆయనకు గూడా తెలీదేమో."

మహబూబ్ బీ తీసుకుని చూసింది. తనకూ తెలియదంది. సిద్ధమ్మ దాన్ని వెనక్కి తీసుకుని, మిగిలినవాటితో కలపకుండా అరుగు చివర వేరుగా పెట్టింది. "రేపు పువ్వుతో ఇంకొకటి తెస్తా. సూడు మల్లా" అంది.

"ఎన్ని తెచ్చినా నాకు తెలీదంటే ఇనవేమే" అని మునిరామయ్య విసుక్కున్నాడు. కానీ ఆమె లోపలికి వెళ్లాక, చేత్తో వెతికి ఆ మొక్కను దగ్గరికి తీసుకుని, మళ్లీ మొదటినుంచి తడమడం మొదలుపెట్టాడు.